గుర్తింపు పొందిన వ్యతిరేకి

మా తూమాటిపాలెంలో హైస్కూలు వద్దనేవాడు ఒక్కడూ లేకపోవడం వల్ల మాకు హైస్కూలు రాకుండా పోయే పరిస్థితి ఏర్పడింది.

ఊళ్లో ఉన్న బడి ఏడో తరగతితో ఆగిపోతుంది. ఆ బడిలో నేను తెలుగు చెబుతాను. ఊరి అర్జీలన్నీ రాసేది కూడా నేనే కాబట్టి జరిగిందంతా నాకు మొదటి నుంచీ తెలుసు. ఎనిమిదిలో చేరాలంటే పిల్లలు వాగు దాటి తొమ్మిది కిలోమీటర్లు పోవాలి. వాగు మీద వంతెన లేదు. మగపిల్లలు సైకిలు భుజాన వేసుకుని దాటేస్తారు. ఆడపిల్లల్ని పంపడానికి ఇళ్లల్లో ధైర్యం చాలదు. కిందటేడు ఏడో తరగతి పాసైన పదహారు మంది ఆడపిల్లల్లో పదముగ్గురు ఇప్పుడు మిరప చేలల్లో కూలికి పోతున్నారు.

అందుకని సర్పంచి మేకల సుభద్రమ్మ గారు హైస్కూలు కావాలని అర్జీ పెట్టించారు. నాలుగు వందల పన్నెండు గడపల వాళ్లూ రెండు రోజుల్లో సంతకాలో వేలిముద్రలో వేసేశారు. ఎన్నికల్లో ఆమె మీద ఓడిపోయినాయన కూడా వచ్చి సంతకం పెట్టాడు. అర్జీ బలంగా ఉంటుందని ఒక ముసలావిడ మూడుసార్లు వేలిముద్ర వేస్తే రెండు నేనే కొట్టేయాల్సి వచ్చింది.

ఆ ఫైలు తీసుకుని సుభద్రమ్మ గారూ నేనూ ప్రజామద్దతు సమీకరణ విభాగానికి వెళ్లాం. కొత్తగా ఎక్కడ హైస్కూలు పెట్టాలన్నా అక్కడి ప్రజల మద్దతు ముందుగా నిరూపణ కావాలి. అయిందని ధ్రువపత్రం ఇవ్వడానికే ఆ విభాగం ఉంది. దాని ప్రత్యేకాధికారి చిదానందరావు గారు మర్యాదస్తుడు. కుర్చీలు వేయించి, ఫైలంతా ఓపికగా తిరగేసి, చివరి పేజీ దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“వ్యతిరేకుల జాబితా జతపరచలేదు,” అన్నారు.

వ్యతిరేకులెవరూ లేరని మనవి చేసుకున్నాం.

“మా ఆందోళన కూడా అదే. ప్రతిఘటన లేని మద్దతును ఈ విభాగం నిద్రాణ మద్దతుగా పరిగణిస్తుంది. ఎవరూ వద్దనలేదంటే అంశం ప్రజల్లోకి చేరలేదని భావించవలసి ఉంటుంది. చేరి ఉంటే ఎవరో ఒకరు వద్దని ఉండేవారు.”

మార్గదర్శకాల పుస్తకం తీసి మాకు నాలుగు దశలు వివరించారు. వ్యతిరేకుల గుర్తింపు మొదటిది. వారి అభ్యంతరాల స్వీకరణ రెండోది. వాటి పరిష్కారం మూడోది. వ్యతిరేకుల పరివర్తన నాలుగోది. గుర్తింపు లేకుండా పరివర్తన చేయడానికి ఎవరుంటారని ఆయన అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. మూడు వేల లోపు జనాభా ఉన్న గ్రామానికి కనీసం ఒక్క వ్యతిరేకి సరిపోతాడు. అయితే అతను స్థానికుడై ఉండాలి. ఇదివరకు ఒక ఊరివాళ్లు పొరుగూరి నుంచి వ్యతిరేకిని తెచ్చుకుని పట్టుబడ్డారట.

“అందరం కావాలంటంటే వద్దనేవోణ్ణి యాడ తెచ్చేదండీ,” అన్నారు సుభద్రమ్మ గారు.

“శోధించండమ్మా. ప్రతి సమాజంలోనూ సుప్త వ్యతిరేకత ఉంటుంది,” అని ఆయన ఫైలు తిరిగి మా చేతికిచ్చారు.

ఆ ఆదివారం పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా సమావేశమైంది. విషయం చెప్పగానే అందరి చూపులూ యలమందారెడ్డి మీదికి పోయాయి. మంచినీళ్ల ట్యాంకు కడితే తన గొడ్లసావిడి మీద నీడ పడుతుందని కోర్టుకు వెళ్లినవాడు ఆయన. సిమెంటు రోడ్డును రెండేళ్లు ఆపించాడు. ఇంతకంటే అర్హుడు మా ఊళ్లో లేడు. కానీ ఆయన లేచి నిలబడి, “నేను దేనికైనా అడ్డం పడతా. దీనికి మాత్రం పడను. నా మనవరాలు ఏడులో ఉంది,” అని చెప్పి, తన గురించి ఊరు ఇలా అనుకుంటోందా అన్నట్టు చూసి వెళ్లిపోయాడు. మరొకాయన ఒప్పుకుని కూర్చున్నాడు గాని, వాళ్లావిడ వచ్చి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. ఇంకో పెద్దాయన తాను సిద్ధమన్నాడు. ఆయనకు చెవుడు. అధికారులు చెప్పే అవగాహన మాటలు వినబడకపోతే పరివర్తన ఎలా వస్తుందన్న సందేహంతో ఆయన్ని వద్దనుకున్నాం.

చివరికి దర్జీ మస్తాన్ వలి దగ్గరికి వెళ్లాం. పంచాయతీ ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో అతని మిషను ఉంటుంది. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. సుభద్రమ్మ గారు అడిగేటప్పుడు అతని నోట్లో గుండుసూదులున్నాయి. ఆమె జాకెట్టు సంగతి అడుగుతోందనుకుని తల ఊపాడు. తర్వాత విషయం అర్థమై సూదులు తీసేసి, “అక్కా, మా గౌసియాకి ఏమని చెప్పుకునేది?” అన్నాడు.

గౌసియా అతని కూతురు. నా ఏడో తరగతిలో లెక్కల్లో, తెలుగులో మొదటిది ఆ పిల్లే. ఊళ్లో హైస్కూలు అందరికంటే ఎక్కువ అవసరమైన ఇల్లు ఏదంటే అదే. ఆ మాటకొస్తే యూనిఫారాలు కుట్టేది కూడా అతనే.

ఊరి కోసమని చెప్పమన్నారు సుభద్రమ్మ గారు. అక్కడే నేను కాగితం రాశాను. ‘తూమాటిపాలెం గ్రామంలో ఉన్నత పాఠశాల ఏర్పాటును నేను స్వచ్ఛందంగా వ్యతిరేకిస్తున్నాను.’ అతను సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. ఆ రోజు నుంచి గౌసియా తండ్రితో మాట్లాడడం మానేసింది. భార్య ఖాసింబీ అన్నం పెట్టేది గాని పక్కన కూర్చునేది కాదు.

నవంబరులో చిదానందరావు గారు జీపులో మైకుతో, బ్యానరుతో వచ్చారు. ‘వ్యతిరేకతే మద్దతుకు తొలిమెట్టు’ అని బ్యానరు మీద రాసి ఉంది. పంచాయతీ వరండాలో వ్యతిరేకికి ప్రత్యేకంగా కుర్చీ వేశారు. మస్తాన్ వలికి మేము ఒక్క మాటే నేర్పాం. అతను లేచి హైస్కూలు వద్దు అని చెప్పి కూర్చోబోయాడు.

“కారణం?” అన్నారు చిదానందరావు గారు.

కారణం నేర్పాలని మాలో ఎవరికీ తోచలేదు. మస్తాన్ వలి మెడలో టేపును వేలికి చుట్టుకున్నాడు. అబద్ధం అల్లడం అతనికి రాదు. మనసులో ఏముందో అదే చెప్పాడు.

“కట్టినా ఆడపిల్లలకి మరుగుదొడ్లు కట్టరు గదండీ. ఇప్పుడున్న బళ్లోనే లేవు. మా పిల్ల పొద్దున పోయిందంటే ఇంటికొచ్చిందాకా మంచినీళ్లు తాగదు. ఇంకో బడి కట్టి ఇంకో మూడేళ్లు అట్టనే ఉండమంటే ఎట్టా?”

పని చెడిందని మేమంతా తలలు వంచుకున్నాం. చిదానందరావు గారు మాత్రం పెన్ను తీశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇది మౌలిక వసతులకు సంబంధించిన విలువైన అభ్యంతరమని, ఇంత ఆరోగ్యకరమైన ప్రతిఘటన ఈ సంవత్సరంలో ఎక్కడా తారసపడలేదని మైకులో ప్రకటించారు.

నియమం ఏడు ప్రకారం, గుర్తింపు పొందిన వ్యతిరేకి చెప్పిన అభ్యంతరాన్ని సంబంధిత శాఖ ముప్పై రోజుల్లో లిఖితపూర్వకంగా పరిష్కరించాలి. పందొమ్మిదో రోజున ఉత్తర్వు వచ్చింది. కొత్త హైస్కూలు నమూనాలో నీళ్లతో సహా ఆరు మరుగుదొడ్లు చేర్చారు. అంతటితో ఆగలేదు. వ్యతిరేకి అసంతృప్తి ముదరకుండా ఉండేందుకు ఇప్పుడున్న బడిలో రెండు తక్షణం కట్టమన్నారు. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి అవి కట్టి, తలుపులు పెట్టి, తాళాలు నా చేతికిచ్చారు. ఆ రెండింటి కోసం నేను ఆరేళ్లలో తొమ్మిది అర్జీలు పంపాను. నకళ్లన్నీ ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

గౌసియా తండ్రితో మళ్లీ మాట్లాడింది ఆ రోజే.

అక్కడి నుంచి మస్తాన్ వలి పంచ ముందు జనం నిలబడడం మొదలైంది. లెక్కల మాష్టారి పోస్టు రెండేళ్లుగా ఖాళీ అని ఒకరు చెప్పారు. మస్తాన్ వలి దాని మీద అభ్యంతరం పెట్టాడు. పోస్టు భర్తీ చేస్తూ ఉత్తర్వు వచ్చింది. బడికి ఇచ్చిన స్థలం పల్లంలో ఉంది, వానాకాలం నీళ్లు నిలుస్తాయని ఇంకొకరు చెప్పారు. దాన్నీ వ్యతిరేకించాడు. మెరక పోయిస్తామని రాశారు. వాగవతలి కాలనీ నుంచి పిల్లలు ఎట్టా వస్తారని అడిగాడు. ఇరవై ఏళ్లుగా ఏ నాయకుడూ తేలేని వంతెనకు అంచనాలు వేయడానికి ఇంజనీరు టేపు పట్టుకుని వాగులో దిగాడు. యలమందారెడ్డి కూడా వచ్చి, పక్కింటివాడి కంచె మీద ఒక అభ్యంతరం పెట్టమని గొంతు తగ్గించి అడిగాడు. అది బడి సంగతి కాదు గదండీ అని మస్తాన్ వలి ఒప్పుకోలేదు. అతను ఒకరి మాట కాదనడం నేను చూడడం అదే మొదలు.

ఇటు చిదానందరావు గారి పరిస్థితి కూడా బాగా మెరుగుపడింది. ఎన్ని అభ్యంతరాలు వచ్చాయి, ఎన్ని పరిష్కారమయ్యాయి అన్నదాన్ని బట్టి వాళ్ల పై ఆఫీసు ప్రతిఘటన సూచిక అనే అంకె వేస్తుంది. తూమాటిపాలెం పుణ్యాన మా జిల్లా ఆఖరి స్థానం నుంచి రెండో స్థానానికి ఎగబాకింది. నెలాఖరుకి ఆయన నాకు ఫోన్ చేసేవారు. “మేష్టారూ, ఈ నెల లక్ష్యానికి రెండు అభ్యంతరాలు తగ్గుతున్నాయి. వలి గారు కులాసాగా ఉన్నారా?” అని అడిగేవారు.

ఫిబ్రవరిలో మస్తాన్ వలికి ఫోటోతో గుర్తింపు కార్డు ఇచ్చారు. కార్డు మీద ‘గుర్తింపు పొందిన వ్యతిరేకి, ప్రథమ శ్రేణి’ అని ఉంది. తర్వాత జీపు పంపించి, వ్యతిరేకుల సామర్థ్య వృద్ధి శిబిరానికి శిక్షకుడిగా తీసుకెళ్లారు. అక్కడ పద్దెనిమిది ఊళ్ల నుంచి పద్దెనిమిది మంది వచ్చారు. అందరూ తమ ఊరికి హైస్కూలు రావాలని ప్రాణం పెట్టినవాళ్లే. మూడు రోజుల పాటు వాళ్లు వరసగా నిలబడి ‘వద్దు’ అనడం సాధన చేశారట. ఒకాయన మాత్రం ఆ మాట అనబోయి రోజూ ఏడ్చేవాడని, అతనికి ద్వితీయ శ్రేణి ఇచ్చారని మస్తాన్ వలి తిరిగొచ్చాక చెప్పాడు. ఈలోగా మిషను ఖాసింబీ తొక్కింది. ఊళ్లో ఆడవాళ్ల జాకెట్లు వారాల తరబడి ఆలస్యమయ్యాయి. బడి కోసమని ఎవరూ ఏమీ అనలేదు.

ఏప్రిల్ మూడో వారంలో ఏడో తరగతి పరీక్షలు అయిపోయాయి. ఆ తర్వాత నాలుగో రోజున చిదానందరావు గారు మైకూ బ్యానరూ లేకుండా ఒక్కరే వచ్చారు. పంచాయతీ ఆఫీసులో కూర్చుని మంచినీళ్లడిగి తాగి, ఒక కాగితం మా ముందు పెట్టారు. పైనుంచి కమిషనరు గారు పంపిన ఉత్తర్వు అది. తూమాటిపాలెంలో ప్రతిఘటన సూచిక తొంభై నాలుగుకు చేరిందని, రాష్ట్రంలో ఏ గ్రామంలోనూ హైస్కూలు పట్ల ఇంత తీవ్రమైన వ్యతిరేకత లేదని, ప్రజాభీష్టానికి విరుద్ధంగా విద్యను రుద్దడం విధానం కాదని అందులో ఉంది. అందువల్ల మా హైస్కూలును మండల కేంద్రానికి మార్చాలని ప్రతిపాదించారు. అక్కడ ఇప్పటికే రెండు హైస్కూళ్లున్నాయి. కానీ అక్కడి వ్యతిరేకి గోడల రంగు మీద తప్ప వేరే అభ్యంతరం పెట్టలేదట. గురువారం కమిషనరు గారే వచ్చి తుది విచారణ జరుపుతారు.

ఉన్నదున్నట్టు చెప్పేద్దాం, మస్తాన్ ఏనాడూ బడి వద్దనుకోలేదని ఊరంతా సాక్ష్యం చెబుతుంది అన్నారు సుభద్రమ్మ గారు.

చిదానందరావు గారు తల అడ్డంగా ఊపారు. “అప్పుడు వలి గారు ఇంతవరకు పెట్టిన పదకొండు అభ్యంతరాలూ నకిలీవని తేలుతుందమ్మా. నకిలీ అభ్యంతరానికి ఇచ్చిన పరిష్కారం చెల్లదు. లెక్కల మాష్టారి ఉత్తర్వు రద్దవుతుంది. వంతెన పోతుంది. కట్టిన రెండు మరుగుదొడ్లకూ సీలు వేయవలసి ఉంటుంది.”

మరి మస్తాన్ వలి మనసు మారిందని రాసిస్తే ఎలా ఉంటుందని నేనడిగాను. పరివర్తన దశకు, మొదలుపెట్టిన రోజు నుంచి, కనీస వ్యవధి ఆరు నెలలట. ప్రథమ శ్రేణి వ్యతిరేకి అంతకంటే తొందరగా మారితే అనుమానాస్పద పరివర్తన కిందికి వస్తుందట. జూన్‌లో బడులు తెరుస్తారు. ఆరు నెలలంటే ఈ ఏడాది పిల్లల పని అయిపోయినట్టే.

ఆ సాయంత్రం నేను మస్తాన్ వలి ఇంటికి వెళ్లాను. అతను అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కమిషనరు ఉత్తర్వు సంగతి అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. గౌసియా లోపల ఏడో తరగతి పుస్తకాలు తాడుతో కట్టి అటక మీద పెట్టడానికి స్టూలు ఎక్కింది. ఆ పిల్లని మిషను మీద కూర్చోబెడదామని ఖాసింబీ మెల్లగా అంది. తల్లి తప్పు లేదు. మిరపచేల కంటే నీడపట్టున పని నయమనుకుంది.

గౌసియా స్టూలు మీద నుంచే తండ్రిని అడిగింది. “నాన్నా, నువ్వు నిజంగానే బడి వద్దనుకున్నావా?”

“బడి వద్దనలేదమ్మా,” అన్నాడు మస్తాన్ వలి. “బడి లేకుండా ఉండడమే నాకొద్దు.”

ఆ మాటే తనలో తాను ఇంకోసారి మెల్లగా అనుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి, కాగితం ఉందా మేష్టారూ, ఇంకొక్కటి రాయాలి అన్నాడు.

గురువారం పొద్దున పదింటికి విచారణ మొదలైంది. కమిషనరు గారు పొట్టిగా, చురుగ్గా ఉన్న ఆవిడ. మాట వృథాగా పోనివ్వరు. వరండాలో, రోడ్డు మీద, ఎదురు మేడల మీద ఊరంతా నిలబడింది. కమిషనరు గారు మస్తాన్ వలి గుర్తింపు కార్డులో ఫోటోను మనిషితో పోల్చి చూసుకుని సూటిగా అడిగారు.

“మీరు వ్యతిరేకియా, కాదా? ఒక్క మాటలో చెప్పండి.”

“వ్యతిరేకినేనమ్మా,” అన్నాడు మస్తాన్ వలి.

నా వెనకాల ఎవరో గట్టిగా నిట్టూర్చారు. సుభద్రమ్మ గారు కళ్లు మూసుకున్నారు. మస్తాన్ వలి జేబులోంచి కాగితం తీసి, మడత విప్పి, రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు. అది పన్నెండో అభ్యంతరం. కమిషనరు గారు దాన్ని పైకే చదివారు.

‘తూమాటిపాలెం గ్రామంలో ఉన్నత పాఠశాల లేకుండా ఉండడాన్ని నేను తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. నియమం ఏడు ప్రకారం ఈ అభ్యంతరాన్ని ముప్పై రోజుల్లో పరిష్కరించగలరని కోరుచున్నాను.’

ఆమె ఇంకోసారి చదువుకున్నారు. మార్గదర్శకాల పుస్తకం తెప్పించి, అభ్యంతరం అంటే ఏమిటో నిర్వచనం చూశారు. ఉన్నత పాఠశాలకు సంబంధించిన ఏ అంశంపైనైనా అని ఉంది తప్ప, పాఠశాల కావడం మీదే ఉండాలని, కాకపోవడం మీద ఉండకూడదని ఎక్కడా లేదు. పక్కనున్న అధికారులు తలా ఒక పేజీ వెతికారు. ఎవరికీ ఏమీ దొరకలేదు.

“ఇది పరిష్కరించకపోతే ఏమవుతుంది?” అని ఆమె చిదానందరావు గారిని అడిగారు.

ఆయన లేచి నిలబడ్డారు. “ప్రథమ శ్రేణి వ్యతిరేకి అభ్యంతరం గడువులోగా పరిష్కారం కాకపోవడం ఇంతవరకు మన విభాగ చరిత్రలో లేదమ్మా. అలా జరిగితే వైఫల్యంగా నమోదవుతుంది. పైగా విచారణాధికారి పేరు మీద నమోదవుతుంది.”

కమిషనరు గారు పుస్తకం మూసేశారు. మస్తాన్ వలిని, ఇంకా ఏమైనా అభ్యంతరాలున్నాయా అని కొంచెం జాగ్రత్తగానే అడిగారు. ఇది తీరితే ఇంకేమీ లేవని అతను చెప్పాడు. ఆమె కారెక్కే ముందు ఒక్క క్షణం ఆగి అతన్ని పరిశీలనగా చూసి వెళ్లారు.

ఇరవై ఏడో రోజున ఉత్తర్వు వచ్చింది. ‘ప్రజల తీవ్ర వ్యతిరేకతను దృష్టిలో ఉంచుకుని తూమాటిపాలెం గ్రామంలో ఉన్నత పాఠశాలను మంజూరు చేయడమైనది’ అని అందులో ఉంది. ఆ వాక్యాన్ని నేను పంచాయతీ ఆఫీసు ముందు మూడుసార్లు చదవాల్సి వచ్చింది. మూడోసారి చదివించినవాడు యలమందారెడ్డి.

భవనం లేచేదాకా ఆగకుండా జూన్‌లోనే పంచాయతీ హాల్లో ఎనిమిదో తరగతి మొదలుపెట్టాం. మొత్తం నలభై ఒక్కమంది చేరారు. గౌసియా ముందు వరసలో కూర్చుంది. మిరప చేలకు పోయిన పదముగ్గురిలో పదకొండు మంది వచ్చారు. మిగిలిన ఇద్దరికీ మే నెలలో పెళ్లిళ్లయిపోయాయి. వాళ్ల పేర్లు నేను హాజరు పట్టీలో రాసుకుని తర్వాత కొట్టేశాను. ఈ ఉత్తర్వేదో ఒక ఏడాది ముందొచ్చి ఉంటే అని సుభద్రమ్మ గారు ఒకసారి అన్నారు. ఆ తర్వాత ఆ మాట ఎవరమూ ఎత్తలేదు.

మరుసటి ఏడు భవనం పూర్తయింది. ఆ పైయేడు వంతెన వేశారు. మెరక పోయించిన ఆవరణలో వానాకాలం నీళ్లు నిలవలేదు. లెక్కల మాష్టారు నెల్లూరు వైపు మనిషి, బాగా చెబుతాడు, తొందరగా కోపం వస్తుంది.

వంతెన మీద రాకపోకలు మొదలైన నెలలోనే చిదానందరావు గారు మళ్లీ వచ్చారు. ఈసారి జీపు లేదు, బస్సు దిగి నడిచొచ్చారు. నేను అప్పుడు గౌసియా పదో తరగతి పరీక్ష దరఖాస్తు మీద తండ్రి సంతకం కోసం రేకుల పంచలోనే ఉన్నాను. మస్తాన్ వలి ఆయనకు స్టూలు తుడిచి వేసి, టీ తెప్పించాడు. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చిన సంగతి చెప్పారు.

రాష్ట్రమంతటా ప్రజామద్దతు సంపూర్ణంగా సమీకరణ అయిపోయిందని ప్రభుత్వం నిర్ణయించిందట. అందుచేత ఇక ఆ విభాగం అక్కర్లేదని దాన్ని ఎత్తేస్తున్నారట. ఆయన్ని ఎక్కడ వేస్తారో తెలియదు. అయితే మూసివేత ఉత్తర్వులో ఒక వెసులుబాటు ఉంది. గుర్తింపు పొందిన వ్యతిరేకి ఎవరైనా అభ్యంతరం తెలిపితే దాన్ని పరిష్కరించేదాకా విభాగాన్ని కొనసాగించాలి. మిగతా వాళ్ల కార్డులన్నిటికీ గడువు తీరిపోయింది. ప్రథమ శ్రేణి కార్డుకు మాత్రం గడువు ఉండదు, అది ఉన్నది మస్తాన్ వలి ఒక్కడి దగ్గరే.

ఆయన సంచిలోంచి ఉత్తర్వు నకలు, తెల్ల కాగితం, పెన్ను తీసి మిషను బల్ల మీద పెట్టారు. ఏమని రాయాలో కూడా ఒక చీటీ మీద రాసుకొచ్చారు. “ఒక్క వాక్యం చాలండీ వలి గారూ,” అన్నారు.

మస్తాన్ వలి ఉత్తర్వు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా నిదానంగా చదివాడు. ఒకచోట అర్థం కాక నన్నడిగి చెప్పించుకున్నాడు. తర్వాత కాగితాలన్నీ చక్కగా మడిచి, పెన్ను వాటి మీద పెట్టి, ఆయన ముందుకు మర్యాదగా జరిపాడు.

“నాకేం అభ్యంతరం లేదండీ,” అన్నాడు.